మైనస్ ముప్ఫై ఒకటిలో నీళ్ళు మార్చిన సైమా

మా ఆయన రెయ్నో బుద్ధిలేని పని ఒకటి చేశాడు కాబట్టి సైమా కోర్పెలా గురించి చెప్పే అవకాశం నాకు దొరికింది. లేకపోతే ఆ మనిషి గురించి చెప్పడానికి ఎవరూ పూనుకోరు, తనంతట తాను చెప్పుకునే రకమూ కాదు. పంతొమ్మిది చలికాలాలుగా ఈ చుట్టుపక్కల ఉన్న వేడినీళ్ళ తొట్లన్నిటినీ తనే చూసుకుంటోంది. సరస్సు ఒడ్డున నగరం వాళ్ళు కట్టుకున్న విడిది ఇళ్ళలో ఓ ముప్ఫై దాకా ఉంటాయి. మా టామరాక్ రోడ్డు మీద ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కటీ మాదే. దానివల్ల మాకు దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు.

మా రోడ్డు మీద పదకొండు ఇళ్ళు, పదకొండు సౌనాలు. మా తాతలు ఫిన్లాండ్ నుంచి ఇక్కడికి వచ్చి అడవి కొట్టినప్పుడు ముందు సౌనా కట్టి, అందులోనే కాపురం పెట్టి, అందులోనే పిల్లల్ని కని, ఆ తర్వాత తీరిగ్గా ఇల్లు కట్టుకున్నారు. చెక్క గది, అందులో కట్టెల పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు, పొయ్యి పక్కన నీళ్ళ కాగు. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి పదకొండు పొగగొట్టాలూ పొగ వదలాల్సిందే. అలాంటి చోట పెరట్లో, ఆరుబయట, కరెంటుతో కాగే తొట్టి పెట్టించుకోవడమంటే మతం మార్చుకున్నంత పని. తొట్టి దించిన రోజున మా పక్కింటి ఆర్వో కంచె మీద మోచేతులాన్చి సాయంత్రం దాకా చూశాడు.

"రెయ్నోని సూపు కాచుకుని తాగుదామనా హెల్మీ? ఉల్లిపాయలు మా ఇంట్లో ఉన్నాయి, పంపించమంటావా?" అన్నాడు.

"నువ్వు దిగితే చెప్పు, ఉప్పు కూడా వేస్తా" అన్నాను.

కానీ మేము సరదాకి పెట్టించుకోలేదు. రెయ్నో ఈ జిల్లాలో పేరున్న అకార్డియన్ వాయిద్యకారుడు. ఆ తిత్తుల పెట్టె భుజాలకి తగిలించుకున్నాడంటే కర్రలు పట్టుకుని వచ్చిన ముసలివాళ్ళు కూడా కర్రలు గోడకానించి ఆడేవాళ్ళు. రెండేళ్ళ కిందట కీళ్ళవాతం వేళ్ళలోకి దిగింది. ముందు చిటికెన వేలు, తర్వాత దాని పక్కది, తర్వాత అన్నీ. ఒకరోజు అకార్డియన్ని గుడ్డలో చుట్టి మంచం కిందకి నెట్టేశాడు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆ పెట్టె మోతకి నేను విసుక్కోని రోజు లేదు. అది ఆగిపోయాక ఇంట్లో గడియారం చప్పుడు వినబడేది. ఆ చప్పుడంటే నాకు అసహ్యం పుట్టింది.

వేళ్ళు నీళ్ళలో ముంచి అరగంటసేపు ఆడించాలి, నీళ్ళు ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ ఉండాలి, అని డాక్టరమ్మ చెప్పింది. సౌనాలో అది కుదరదు, అక్కడ చేతులకి తగిలేది ఆవిరే. అందుకని తొట్టి వచ్చింది. అక్టోబరు నుంచి రోజూ దిగి కూర్చునేవాడు. లేచాక ఓ నాలుగు గంటలపాటు వేళ్ళు ఆయన చెప్పినట్టు వినేవి. నవంబరులో మంచం కింద నుంచి పెట్టె బయటకొచ్చింది. ఫిబ్రవరి మొదటి శనివారం ఊరి హాల్లో నడి చలికాలపు డాన్సు ఉంటుంది కదా, దానికి వాయిస్తానని ఒప్పుకున్నాడు. ఆ రాత్రి నేను దుప్పటి కింద ఏడ్చాను, సంతోషంతోనే.

డాన్సు ఆరింటికి. ఆ రోజు పొద్దున ఏడున్నరకి మా ఆయన తువ్వాలు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బయట మైనస్ ముప్ఫై ఒకటి.

"హెల్మీ, తొట్లో నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి."

"తిరగడమేంటి?"

"కాస్త చల్లబడ్డాయి కూడా."

కోటు వేసుకుని వెళ్ళి మూత ఎత్తి చూశాను. నీళ్ళ నిండా ఆకులు. మోటారు తిరగడం లేదు, కడుపునొప్పి వచ్చినట్టు మూలుగుతోంది.

"ఏంటివి?"

"బర్చ్ ఆకులు."

"అవి బర్చ్ ఆకులని నాకూ తెలుసు. ఇందులోకి ఎట్లా వచ్చాయని అడుగుతున్నా."

"డాన్సుకి ముందురోజు కదా, వీపుకి నాలుగు కొట్టుకుంటే రక్తం ఆడుతుందని..." అని తల గోక్కున్నాడు.

జూన్‌లో లేత బర్చ్ కొమ్మలు కోసి, కట్టలు కట్టి, ఫ్రీజర్లో దాస్తాం. సౌనాలో వాటితో వీపు మీద కొట్టుకుంటే ఒళ్ళంతా అడవి వాసన వేస్తుంది. ఈ మహానుభావుడు శుక్రవారం సాయంత్రం ఒక కట్ట తీసుకుని తొట్లోకి దిగాడు. దిగి, కొట్టుకుని, బాగా నానుతుందని కట్టని నీళ్ళలోనే వదిలేసి వచ్చి పడుకున్నాడు. పైగా ఆ రోజే తొట్టి జల్లెడ కడిగి పొయ్యి దగ్గర ఆరబెట్టాడట, అది ఇంకా అక్కడే ఉంది. అడ్డం లేకపోయేసరికి ఆకులన్నీ నేరుగా మోటారులోకి పోయాయి. నాకు ఒళ్ళు మండింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని కాబట్టి ఊరుకున్నాను, ఆయన వయసు చూసి కాదు, తిట్టే ఓపిక నాకే లేక.

సైమాకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మోటారు తిరుగుతోందా?" అంది.

"మూలుగుతోంది."

"కట్టెయ్యి. మూత మళ్ళీ తీయొద్దు, దాని మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పు. వస్తున్నా."

ఆమె ఫోన్లో ఇంతకంటే ఎక్కువ మాట్లాడినట్టు ఎవరూ చెప్పలేదు.

సైమాకి అరవై ఒకటి. మనిషి మా గుమ్మం అంత పొడుగు, భుజాలు దానికంటే కాస్త వెడల్పు. పద్దెనిమిదేళ్ళకి కాగితం మిల్లులో చేరింది, మిల్లు మూసేసినప్పుడు నలభై రెండు. తనతో పనిచేసిన వాళ్ళు గనులకి పోయారు, కొందరు తాగుడుకి పోయారు. ఆ చలికాలం సరస్సు దగ్గర ఎవరిదో తొట్టి గడ్డకట్టి పగిలింది. పారేయడానికి ఇచ్చిన దాన్ని సైమా తన షెడ్డులోకి ఈడ్చుకొచ్చి, వసంతం దాకా ఒక్కో గొట్టమూ విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పింది. ఎవరూ నేర్పలేదు. అప్పటినుంచి అదే బతుకుతెరువు. తన చేతిలో ఉన్న తొట్టి ఇంతవరకూ ఒక్కటి కూడా గడ్డకట్టలేదు.

మా రోడ్డు వాళ్ళు మాత్రం ఆమెని మెచ్చుకోలేదు. ఎందుకంటే ఇక్కడున్న పదకొండు సౌనాల్లో ఏడు వాళ్ళ నాన్న కట్టినవే. ఆయన కూతురు నగరం వాళ్ళ తొట్లు కడుగుతోందని హాల్లో అందరి ముందూ ఆర్వో ఎత్తిపొడిచాడు. మిల్లు పోయిన ఏడాది అది. పని లేనివాళ్ళని ఎత్తిపొడవడం సులువు. సైమా లేచి నిలబడి, ఈ రోడ్డు మీద ఎవరి గుమ్మం ముందూ నిలబడి చెంబుడు నీళ్ళు కూడా అడగను అని చెప్పి వెళ్ళిపోయింది. డాన్సులకి వస్తుంది, సూపు తాగుతుంది, పోతుంది. ఎవరి సౌనాకి పిలిచినా రాదు.

ఎనిమిదిన్నరకి ఆమె ట్రక్కు వచ్చింది. ముందు సీట్లో నీళ్ళ పైపు చుట్ట కూర్చుని ఉంది, బెల్టు పెట్టుకుని మరీ. చలిలో పైపు లోపల చుక్క నీరు మిగిలినా అది కర్రలా బిగుసుకుపోతుంది, అందుకని ఆమె పైపు ఎప్పుడూ వెచ్చని చోటే ఉంటుంది. ఇంట్లో అది ఆమె మంచం పక్కన పడుకుంటుందని అంటారు, నేను చూడలేదు. కాఫీ పోశాను. తీసుకోలేదు.

"నీళ్ళు తిరిగాక తాగుతా" అంది.

మూత కొద్దిగా ఎత్తి, వేడి చూసే కొలకర్ర ముంచింది. ఇరవై తొమ్మిది డిగ్రీలు.

"రాత్రి ఎప్పుడు ఆగిందో తెలుసా?"

"నేను పడుకున్నాక" అన్నాడు మా ఆయన.

"నువ్వు పడుకునేముందు ఏం చేశావో హెల్మి చెప్పింది" అంది సైమా. నవ్వలేదు కానీ టోపీ కిందకి లాక్కుంది. "మోటారు విప్పి ఆకులు తియ్యాలి. అది విప్పాలంటే నీళ్ళన్నీ దించాలి. నీళ్ళు దించితే కింద గొట్టాల్లో మిగిలిన తడి గడ్డకడుతుంది. గంటన్నరలోపల పని అయిపోవాలి. దించకపోతే మధ్యాహ్నానికి అన్నీ కలిపి గడ్డకడతాయి. ఏం చేద్దాం?"

"నన్నడుగుతావేంటి, దించు" అన్నాను.

తోడే పంపు నీళ్ళలో వేసి, గొట్టాన్ని స్ప్రూస్ చెట్ల అవతలకి లాగింది. వెచ్చటి నీళ్ళు మంచు మీద పడగానే పెరడంతా పొగ కమ్మేసింది. పక్కన ఉన్న మనిషి పక్కన ఉన్నట్టు తెలియలేదు. నా కనురెప్పలు అతుక్కుపోయాయి, చేత్తో విడదీసుకున్నాను. పన్నెండు నిమిషాల్లో తొట్టి ఖాళీ. సైమా కింద పక్క పలక విప్పి, మంచులో బోర్లా పడుకుని, చెయ్యి లోపలకి పెట్టింది. చేతికి తొడుగు ఉంటే వేళ్ళు పట్టవట. వట్టి చేతులతోనే.

"హెల్మీ, నీ దగ్గర అల్లిక కొక్కెం ఉందా? సన్నది."

మా అమ్మది, ఉక్కు కొక్కెం తెచ్చిచ్చాను. మోటారు కడుపులోంచి ఆకులు ఒక్కొక్కటే, పంటి సందులోంచి తీసినట్టు తీసింది. మా ఆయనకి ఇంకో పని అప్పజెప్పింది. పాలు పితికే ముక్కాలి పీట మీద కూర్చుని, నేను జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పట్టుకుని, గొట్టాలకి వేడిగాలి కొడుతూ ఉండాలి. ఆయన ఎంతో శ్రద్ధగా కొట్టాడు, పెళ్ళికూతురికి తల ఆరబెడుతున్నట్టు. ఆ పని ఎంత హాస్యంగా ఉన్నా ఆయన వేళ్ళు ఆ యంత్రం పిడి చుట్టూ పూర్తిగా మూసుకోవడం లేదని నేను గమనించాను.

పదిన్నరకి మోటారు బిగింది, తొట్టి కడగడమూ అయింది. గొట్టాల్లో తడి పీల్చేసింది. అప్పుడు సైమా తొట్టి అంచు మీద కూర్చుని వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. ఏదో లెక్క వేసుకుంటోందని తెలిసింది.

"బావి నీళ్ళు ఐదు డిగ్రీలు. హీటరు గంటకి మూడు, పోనీ మూడున్నర ఎక్కిస్తుంది. ముప్ఫై ఎనిమిదికి చేరాలంటే పది గంటలు. రాత్రి తొమ్మిది దాటుతుంది."

"డాన్సు ఆరింటికి" అన్నాను.

"తెలుసు. తొట్టిని కాపాడగలను హెల్మీ. ఆరింటికి వేడెక్కించడం నా వల్ల కాదు."

మా ఆయన పీట మీద నుంచి లేచాడు. "పోనీలే. ఆర్వో దగ్గర డబ్బా ఉంది కదా, అందులోంచి పాటలు వస్తాయి. డాన్సు ఏమీ ఆగదు" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అని ఇంట్లోకి పోయాడు. కిటికీలోంచి చూశాను. సోఫా మీద సిద్ధంగా పెట్టుకున్న అకార్డియన్ తీసి గుడ్డలో చుడుతున్నాడు. పొద్దుటినుంచి ఆయన మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో పోయింది. ఈసారి అది మంచం కిందకి పోతే మళ్ళీ బయటికి రాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే ఆర్వో వాళ్ళ పెరట్లో పొగ లేచింది. అవతల ఇంకోటి. రోడ్డు మలుపులో ఇంకోటి. శనివారం కదా.

"సైమా, మా బాయిలరులో నూట ఎనభై లీటర్లు ఉన్నాయి. ఆ పొగలు చూడు. ఒక్కో సౌనాలో నలభై యాభై లీటర్ల కాగు, ఇంకో గంటలో తెర్లుతుంది. మాది వెలిగించలేదు, చివరింటి లెమ్పిది పొయ్యి పాడయింది. ఆ రెండూ తీసేసినా తొమ్మిది ఇళ్ళు."

సైమా పొగల వైపు చూసింది. పెదాలు కదిలాయి, మళ్ళీ లెక్క. "అవన్నీ కలిపితే ముప్ఫై రెండుకి వస్తుంది. అక్కడి నుంచి హీటరుకి రెండు గంటలు" అంది. ఆర్వో గుమ్మం వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"నువ్వు పైపుతో మా నీళ్ళు తొట్లోకి పట్టు. నేనెళ్ళి అడుగుతా" అన్నాను.

"వద్దు. పైపు నువ్వు పట్టుకో, నీళ్ళు ఒక్క క్షణం కూడా ఆగనివ్వకు, ఆగితే పైపు పోతుంది. ఈ నీళ్ళు నా పని. నేనే అడగాలి."

మా కొట్లో పాత పాల క్యాన్లు నాలుగు ఉంటే, వాటిని మంచు మీద లాగే బల్లబండి మీద వేసుకుని కంచె దాటింది. పంతొమ్మిదేళ్ళుగా తొక్కని గుమ్మం అది. నా చేతిలో పైపు ఉంది, చూపంతా అటే. ఆర్వో సౌనా మెట్ల మీద కట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చలికి ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

"ఆర్వో, నీ కాగులో నీళ్ళు కావాలి" అంది సైమా.

"ఏం నీళ్ళు?"

"వేడినీళ్ళు. రెయ్నో తొట్లోకి."

ఆర్వో కట్టెలు కింద పెట్టాడు. వాడి మొహం వెలిగిపోయింది, పాపం ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడో. "అంటే సౌనా లేనిదే మీ తొట్టి కూడా కాగదన్నమాట. ఏదీ, ఇంకోసారి చెప్పు. మా ఆవిడని కూడా పిలుస్తా, వింటుంది."

"పిలువు. ఇంకోసారి చెప్తా. పదిసార్లు చెప్పమన్నా చెప్తా. ఆరింటిలోపు ఆ నీళ్ళు ముప్ఫై ఎనిమిదికి రాకపోతే రెయ్నో వాయించలేడు. పెట్టె గుడ్డలో చుట్టేశాడు, ఇందాకే. నన్ను తర్వాత తీరిగ్గా తిట్టుకో, ముందు నీళ్ళియ్యి."

ఆర్వో నవ్వు ఆగిపోయింది. మా కిటికీ వైపు ఒకసారి చూశాడు. వాడికి నోటి దురద ఎక్కువే కానీ, వాడి పెళ్ళిలో తెల్లవార్లూ వాయించింది మా ఆయనే.

"నాలుగు క్యాన్లతో ఏం సరిపోతుంది? ఉండు, మోటారు మంచుబండి తీస్తా" అన్నాడు. ఇంట్లోకి చూసి భార్యని కేకేశాడు. "లూలీ, ఫోన్ తీసుకో. రోడ్డంతా చెప్పు. కాగు నిండా వేడినీళ్ళు రెయ్నో ఇంటికి. ఎవరైనా ముందు తలస్నానం చేశారంటే ఊరుకోనని చెప్పు."

ఆ తర్వాత రెండు గంటలూ మా రోడ్డు మీద జరిగింది తిరునాళ్ళే. మంచుబండ్ల వెనక బల్లబండ్లు, వాటి మీద దుప్పట్లలో చుట్టిన క్యాన్లు, మూతల సందుల్లోంచి ఆవిరి. సౌనాలోకి పోబోయిన వాళ్ళు ఉన్నపళంగా వచ్చారు. ఒకాయన తువ్వాలు మీద తోలుకోటు తొడుక్కుని, కాళ్ళకి బూట్లతో క్యాను మోశాడు. ప్రతివాడూ క్యాను ఒంపడానికి ముందు తొట్లోకి తొంగిచూసి ఏదో ఒక మాట అన్నాడు. బంగాళాదుంపలు ఎప్పుడు వేస్తారని ఒకడు, మసాలా ఆకులు ముందే వేశారట కదా అని ఇంకోడు. మా ఆయన ఇంట్లోంచి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేక తన చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆర్వో ఉత్సాహం పట్టలేక ఒక చెంబుడు తెర్లే నీళ్ళు గాలిలోకి విసిరాడు. అవి కింద పడలేదు. తెల్లటి మబ్బై మా తలల మీదుగా తేలిపోయాయి. అందరూ చిన్నపిల్లల్లా అరిచారు.

"అది పావు డిగ్రీ" అంది సైమా. "ఇంకో చెంబు విసిరావంటే నిన్నే తొట్లో వేస్తా. నీ ఒంటి వేడైనా కలిసొస్తుంది."

"వినండ్రా, నన్ను సూపులో వేస్తుందట" అని ఆర్వో పొట్ట పట్టుకుని నవ్వాడు. సైమా కూడా నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకటిన్నరకి తొట్టి నిండింది. సైమా కొలకర్ర ముంచింది. అందరూ చుట్టూ మూగారు. ముప్ఫై ఒకటి. చెప్పినదానికి ఒకటి తక్కువ, ఆర్వో విసిరిందే కారణమని అందరూ వాడి మీద పడ్డారు. మోటారు మీట వేసింది. మోత వచ్చింది, నీళ్ళు కదల్లేదు. సైమా మళ్ళీ బోర్లా పడుకుంది. లోపల గాలి చిక్కుకుంది అంది. ఏదో మర తిప్పింది. బుస్సుమని గాలి పోయి, చేతి మీద నీళ్ళు చిమ్మి, ఆ నీళ్ళు కోటు చేతి మీదే గాజులా గట్టిపడ్డాయి. మర బిగించింది. తొట్లో నీళ్ళు ఒక్కసారి ఊగి, నాలుగు పక్కల నుంచీ బుడగలు లేచాయి. సైమా లేవలేదు. మంచులో వెల్లకిలా తిరిగి, ఆకాశం వైపు చూస్తూ, "ఇప్పుడు కాఫీ ఇయ్యి" అంది. నాలుగు కప్పులు తాగింది, ఏలకుల రొట్టె ఒకటి మొత్తం తనే తినేసింది.

నాలుగుంబావుకి ముప్ఫై ఎనిమిది. మా ఆయన దిగాడు. ముప్పావుగంటసేపు నీళ్ళలో వేళ్ళు ముడిచి, విప్పి, ముడిచి, విప్పి. ఎవరూ ఇంటికి పోలేదు, కానీ అటు చూడకుండా పెరట్లో మంచు తవ్వుతున్నట్టు నటించారు. మా పెరట్లో అంత శుభ్రంగా దారి ఎప్పుడూ లేదు.

ఆరింటికి హాలు నిండిపోయింది. బఠాణీ సూపు వాసన, తడిసిన ఉన్ని వాసన. ఆర్వో డబ్బా కూడా తెచ్చి మూలన పెట్టాడు, ఎందుకైనా మంచిదని, కానీ దాని మీద తన కోటు కప్పాడు. రెయ్నో కుర్చీలో కూర్చుని పెట్టె భుజాలకి తగిలించుకున్నాడు. మొదటి పాట ఎత్తుకున్నాడు. మూడో వరసలో వేలు తప్పింది. ఆగాడు. తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ, తలస్నానం చేయని జుట్లతో, నిలబడి ఆయన వేళ్ళనే చూశారు. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అదే చోటు వచ్చింది. ఈసారి వేలు దాటింది. దాటడమే కాదు, అక్కడ ఒక చిన్న గమకం కూడా వేసి దాటింది. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆ మొహం నేను పాతికేళ్ళ వయసులో చూసి పెళ్ళి చేసుకున్న మొహం, ఏమాత్రం తేడా లేదు.

నేను కాఫీ బల్ల దగ్గర ఉన్నాను. మా ఆయన వాయించే డాన్సుల్లో నాది ఎప్పుడూ ఆ చోటే. వాయించేవాడి పెళ్ళానికి జోడీ ఎక్కడ దొరుకుతాడు? కప్పులు సర్దుతుంటే సైమా వచ్చి ఎదురుగా నిలబడింది. అదే ఉన్ని చొక్కా, బూట్లు మాత్రం మార్చుకుంది.

"రా" అంది.

"ఎక్కడికి?"

"డాన్సుకి. నేను మగవాడి వైపు అడుగులేస్తా, పొడుగు నాదే కదా."

"నాకు డెబ్భై ఎనిమిది సైమా."

"పొద్దున్నుంచి పైపు పట్టుకుని నిలబడ్డప్పుడు ఎంత?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళ చర్మం చలికి చీలిపోయి గరుగ్గా ఉంది, ఒక్కో కణుపూ వాచింది. గట్టిగా పట్టుకోవద్దు అంటుందేమో అనుకున్నాను, అనలేదు. మేమిద్దరం గచ్చు మధ్యకి వెళ్ళేసరికి జనం పక్కకి తప్పుకున్నారు. రెయ్నో మమ్మల్ని చూశాడు. జంటలు తిరిగే వాల్ట్జ్ ఎత్తుకున్నాడు, నెమ్మదిగా, నా కాళ్ళకి తగినట్టు. సైమా లోపల్లోపల ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ నన్ను తిప్పింది. బాగా తిప్పింది. యాభై రెండేళ్ళుగా నేను కాఫీ పోస్తూ విన్న పాట అది, దాని లోపల నిలబడితే ఇలా ఉంటుందని నాకు తెలియదు.

పాట అయిపోయే చోటుకి వచ్చింది. రెయ్నో ఆపలేదు, మళ్ళీ మొదటికి తిప్పాడు. రెండోసారి కూడా చివరికి వచ్చి, నా వైపు చూసి నవ్వి, మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారీ అంతే. మిగతా జంటలు నవ్వుతూ ఒక్కొక్కరే తప్పుకుని గోడకి చేరబడ్డారు. మేమిద్దరమే మిగిలాం.

"హెల్మీ, నా మోకాళ్ళు అయిపోయాయి" అంది సైమా నా చెవిలో. "ఆపమని మీ ఆయనకి చెప్పవే."

"కాసేపు ఓర్చుకో తల్లీ" అన్నాను. "ఆ మాట నా నోటితో నేను చెప్పను."